లచ్చవ్వ నామినేషన్

ఈ రోజు శుక్రవారం, ఒమన్‌లోని దుక్మ్‌లో మాకు సెలవు. రూమ్‌లో నేను ఉల్లిపాయలు తరుగుతుంటే రాజన్నకు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. రాజన్న తెలంగాణ పల్లె నుంచి వచ్చిన తాపీమేస్త్రీ. ఆయన భార్య లచ్చవ్వ ఊళ్లో వార్డు మెంబరుగా నామినేషన్ వేసింది. వాళ్ల నియోజకవర్గంలో తాత, కొడుకు, ఇప్పుడు మనుమడు, అందరూ ఒకే ఇంటి ఎమ్మెల్యేలు. ఆ ఇంటి మనిషి పొద్దున్నే వచ్చి, పోటీ నుంచి తప్పుకొమ్మని చెప్పి వెళ్లాడట.

రాజన్న భయపడ్డాడు. ఆయన తమ్ముడు పని చేసేది ఆ కుటుంబం రైస్‌మిల్లులోనే.

"పెద్దోళ్లతోని మనకెందుకే? వాపస్ తీసుకో" అన్నాడు.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. లచ్చవ్వ గొంతు పెంచలేదు.

"తాత గెలిచినప్పుడు మీ నాయన బొంబయి పోయిండు. కొడుకు గెలిచినప్పుడు నువ్వు మస్కట్ పోయినవ్. ఇప్పుడు మనుమడొచ్చిండు. మన పిల్లగాడు ఏ దేశం పోవాలె?"

రాజన్న ఫోన్‌ను దగ్గరకు తీసుకున్నాడు. "సరే, నిలబడు. తమ్మునికి నేను చెప్త" అన్నాడు. వెంటనే తమ్ముడికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు.

"వదినెకే నా ఓటు. మిల్లుల నౌకరి పోతే నాకో వీసా చూడన్నా" అని తమ్ముడు నవ్వాడు.

రాజన్న మాత్రం నవ్వలేదు.

మా గోదావరి వైపు కూడా ఇదే కథ, ఎమ్మెల్యే ఇంటిపేరు ఒక్కటే వేరు. మీ ఊళ్లో లచ్చవ్వలా నిలబడ్డవాళ్లు ఎవరైనా ఉన్నారా?