బీడీలతో కొలిచిన చెరువు

ఇబ్రహీంపట్నంలో మోటార్ వైండింగ్ శ్రీశైలం తెలియనివాళ్లు తక్కువ. ఒకవేళ ఎవరైనా ఉంటే, తనే వెళ్లి తెలియజేసి వచ్చే రకం మనిషి. పెద్దచెరువు ఎండిపోయి ఉన్న ఏళ్లలో జనం చెరువు కడుపులోనే జొన్నలూ కూరగాయలూ వేసుకున్నారు, బావులు తవ్వుకున్నారు, బావి పక్కన మోటారుకు చిన్న గది కట్టుకున్నారు. ఆ మోటార్లలో ఏది కాలినా శ్రీశైలమే పోవాలి. విప్పి దుకాణానికి మోసుకొచ్చి, రాగితీగ చుట్టి, మళ్లీ భుజాన వేసుకుని గట్ల మీద నడిచిపోయి బిగించి రావాలి. నోట్లో బీడీ, భుజాన మోటారు లేకుండా అతన్ని ఆ రోజుల్లో ఎవరూ చూసి ఉండరు.

పనిమంతుడే, కాదనలేం. నోరే కాస్త పెద్దది. "చెరువంత నా కాళ్ల కిందకెళ్లి పోయింది. కండ్లు మూసుకొని పోత" అనేవాడు. అట్లా అంటూ అంటూనే ఒకనాడు నారయ్య బావి దగ్గర నడుముకు తాడు కట్టుకోమంటే, "నాకు తాడెందుకే!" అని లోపలికి దిగబోయి, మోటారుతో సహా దబ్బున పడ్డాడు. నారయ్య మోకు వేసి పైకి లాగాడు. దెబ్బలేమీ తగల్లేదు, పరువుకు తప్ప. ఊరు ఆ రోజు నుంచి నారయ్య బావి అనడం మానేసి "శ్రీశైలం పడ్డ బాయి" అనడం మొదలుపెట్టింది. ఆ మాట వినబడితే అతను పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

అంతలో వరసగా మంచి వానలు పడి, ఎన్నో ఏళ్ల తర్వాత చెరువు నిండింది. పొలాలు, బావులు, మోటారు గదులు, శ్రీశైలం నడిచిన గట్లు అన్నీ నీళ్ల కిందికి పోయాయి. నారయ్య భార్య శ్యామలమ్మ చేపల సొసైటీకి పెద్దయింది. నిన్నటిదాకా కూరగాయలు కోసిన చేతులు థర్మాకోల్ తెప్పల మీద వలలు వేశాయి. శ్రీశైలానికి కూడా పనేమీ తగ్గలేదు. తుర్కయాంజాల్‌లో రోజుకొక అపార్టుమెంటు లేస్తుంటే, వాటి సంపుల్లో మోటార్లు కాలకుండా ఉంటాయా?

రావిర్యాల దిక్కు భూములు అమ్మినవాళ్లు కొందరు కార్లు కొన్నారు, కొందరు ఫంక్షన్ హాళ్లు కట్టారు. శ్రీశైలం చిన్ననాటి దోస్తు భూపాల్ మాత్రం తెరచాప పడవ కొన్నాడు. నగరం నుంచి వచ్చేవాళ్లను ఆదివారాలు చెరువులో తిప్పుతానన్నాడు. ఊరు ముక్కున వేలేసుకుంది. దాని చిన్న ఇంజను మొరాయిస్తే బాగు చేయడానికి వెళ్లిన శ్రీశైలం మళ్లీ దిగలేదు. నేర్పడానికి నగరం నుంచి వచ్చిన మనిషి చుక్కాని కర్ర అతని చేతికిచ్చి, గాలి ఎటు నుంచి వస్తుందో చూసుకోమన్నాడు. చాప నిండింది. కర్ర అరచేతిలో సన్నగా వణికింది. పుట్టినప్పటి నుంచి కరెంటుతో తిరిగే వస్తువులే చూసిన మనిషి, కరెంటూ డీజిలూ లేకుండా అంత పెద్ద పడవ కదిలిపోతుంటే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి భార్య రేణుకతో, "గిదేదో ముందుగాల దొరికి ఉంటే నేను వైండింగ్ నేర్సుకునేటోన్నే గాదు" అన్నాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన ఏ పని గురించీ అంత నెమ్మదిగా మాట్లాడింది లేదని రేణుక అంటుంది.

కష్టం ఎక్కడొచ్చిందంటే, తెరచాప పడవ అడుగున రెక్కలాంటి పలక ఒకటి లోతుకు దిగి ఉంటుంది. థర్మాకోల్ తెప్ప తేలిగ్గా దాటిపోయే చోట ఇది తగులుకుంటుంది. చేపలు మునిగిన మోటారు గదుల చుట్టే చేరతాయి కాబట్టి వలలూ అక్కడే ఉంటాయి. కళ్లు మూసుకుని పోతానన్న మనిషి కళ్లు తెరుచుకునే రెండుసార్లు ఒక గది కప్పుకు పడవను కొట్టాడు. రెండుసార్లూ వల తెగింది. రెండుసార్లూ అది ఆ బావే, నారయ్యది.

శ్యామలమ్మ తెగిన వల భుజాన వేసుకుని ఒడ్డుకొచ్చింది. "రెండుసార్లు ఊకున్న. మూడోసారి తెగిందా, నీ పడవను మోకేసి గుంజి కట్ట మీద పండవెడ్త. చేపల రేవుల చాప కనవడొద్దు."

"పడవ ఆగితే అమ్ముడే," అన్నాడు భూపాల్ దిగులుగా. "ఒడ్డున పెట్టుకొని పూజ చేస్తనా?"

శ్రీశైలానికి యాభై దగ్గరపడుతుండగా చేతికొచ్చిన చుక్కాని, పట్టుమని పది వారాలు కాకుండానే పోయేట్టుంది.

పడవ అమ్మినవాళ్లను అడిగితే చార్ట్ ప్లాటర్ పెట్టుకోమన్నారు. చుక్కాని దగ్గర బిగించే తెర. పడవ ఎక్కడుందో, చుట్టూ ఏముందో పటం మీద చూపిస్తుంది. ఇద్దరూ బస్సెక్కి రాణిగంజ్ పోయారు. పంపులూ ఇంజన్లూ అమ్మే సందులో పడవ సామాన్లు కూడా పెట్టే దుకాణం ఒకటి ఉంది. యజమాని పేరు దశరథ.

భూపాల్ కళ్లు నేరుగా అన్నిటికంటే పెద్ద తెర మీద పడ్డాయి.

"దీంట్ల లోకంల ఉన్న సముద్రాలన్నీ ఉన్నయన్నా," అన్నాడు దశరథ.

"సముద్రాలు మాకెందుకు? ఇబ్రహీంపట్నం చూపియ్యి," అన్నాడు శ్రీశైలం.

దశరథ తెరను వేళ్లతో లాగి లాగి చూపించాడు. పెద్దచెరువు ఉండాల్సిన చోట లేత పసుపు నేల ఉంది, నేల మధ్యలో చుక్కలతో బండిబాట. ఎండిన కాలంలో గీసిన పటం అయ్యుంటుంది.

"అరె, నేను మోటార్లు మోసిన తొవ్వ!" అని శ్రీశైలం మురిసిపోయాడు.

"మురిసింది సాలు. దీన్ని పెడితే మనం పొలంల పడవ నడుపుతున్నట్టు కనవడ్తది," అన్నాడు భూపాల్.

తర్వాత శ్రీశైలం చెంబెడు నీళ్లడిగాడు. దశరథ తాగడానికేమో అనుకుని ఇచ్చాడు. శ్రీశైలం వేళ్లు ముంచి తెర మీద పెట్టాడు. పటం ఇబ్రహీంపట్నం నుంచి ఎగిరి ఆఫ్రికా ఒడ్డున పడింది. "చెర్ల తడి చెయ్యే ఉంటది. ఇది పనికిరాదు," అని పక్కకు నెట్టాడు. మిగిలినవాటిని ఒక్కొక్కటే దుకాణం మెట్ల మీదికి, మిట్టమధ్యాహ్నపు ఎండలోకి మోయించాడు. ఒక తెరలో తన మీసం తప్ప ఇంకేమీ కనబడలేదు. దాన్నీ పక్కన పెట్టించాడు. దశరథ ముఖం చిన్నబోతోంది కానీ, ఇట్లా కొనేవాడు దొరికాడని లోపల ముచ్చటగానే ఉన్నట్టుంది, చాయ్ తెప్పించాడు.

చివరికి మూల నుంచి ఒక చిన్నది తీశాడు. తాకితే కదలదు, గుండీలు నొక్కాలి. ఎండలో అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. దాంతోపాటు వచ్చే బిళ్లను పడవ వెనక నీళ్లలో బిగిస్తే, తిరిగినకొద్దీ అడుగు లోతు కొలిచి గీత గీస్తుంది. చెరువు మాత్రం అందులో ఉత్త ఖాళీ.

"ఏం లేదు గదా దీంట్ల!" అన్నాడు భూపాల్. "ఆటో మీటరంత లేదు. ఎక్కినోళ్లు నవ్వుతరు."

"అడ్డం ఉన్న కాడ గుర్తులు మీరే పెట్టుకోవాలె," అన్నాడు దశరథ. "తెలిసినోళ్లను అడుగుండ్రి."

శ్రీశైలం ఛాతీ ఉబ్బింది. "నాకొకడు చెప్పాల్నా? గిదే కట్టియ్యి."

అడిగి ఉంటే పని ఒక్క పూటలో అయిపోయేది. చేపలవాళ్లందరికీ తలా నాలుగు బావులు తెలుసు. అడగడం అనేది ఆ మనిషి ఒంట్లోనే లేదు.

అతని లెక్క అతనికుంది. కట్ట మీద తూము దగ్గర నిలబడితే ఏ బావి ఎటువైపో వేలితో చూపగలడు, దిక్కుల్లో అనుమానం లేదు. తూము నుంచి దూరాలే బీడీల్లో గుర్తున్నాయి, ఒక బీడీ కాలేలోపు నడిచినంత ఒక బీడీ. మల్లయ్య బావికి రెండు బీడీలు, గౌండ్లోళ్ల బావికి మూడున్నర. ఇక బీడీకి ఎన్ని మీటర్లో తేలితే చాలు. సెల్‌ఫోన్‌లో దూరం చూసుకుంటూ, బీడీ ముట్టించి కట్ట మీద నడిచాడు. ఒకటి కాదు, నమ్మకం కోసం మళ్లీ మళ్లీ నడిచాడు.

"మానిపించిన బీడీని కొలత పేరు మీద తాగుతున్నవ్," అంది రేణుక.

"సైన్సు," అన్నాడు శ్రీశైలం.

తెరను తన దుకాణంలో బ్యాటరీకి తగిలించి, రాత్రికల్లా గుర్తులన్నీ పెట్టేశాడు. ఒక్క నారయ్య బావికి పెట్టలేదు. అదెక్కడుందో రెండుసార్లు తగిలాక ఎట్లాగూ తెలిసిపోయింది, మళ్లీ తెర మీద రాయడం దేనికని తనకు తానే చెప్పుకున్నాడు.

గుర్తులు సరిగ్గా ఉంటేనే చాపను రేవులోకి రానిస్తానన్న శ్యామలమ్మ, పరీక్షకు కొంగు నడుముకు దోపుకుని పడవలో ముందు కూర్చుంది. వెనక తెప్పల మీద చేపలవాళ్లు తమాషా చూడ్డానికి బయల్దేరారు. శ్రీశైలం అడుగు పలకను పైకి లాగి, చిన్న ఇంజను మీద పడవను మల్లయ్య బావి గుర్తు మీదికి చేర్చాడు. తెర కింద లోతు గీత, గది కప్పుకు పైకి లేవాల్సింది పోయి, చాప పరిచినట్టు చదునుగా ఉంది.

"బాయేది?" అంది శ్యామలమ్మ.

"ఉండాలె మరి..."

"శ్రీశైలం! బాయి లేసి ఎటన్న పోయిందా?" అని తెప్పల మీద నుంచి కేక.

రెండో గుర్తూ అంతే. మూడోదీ అంతే. ప్రతిసారీ గుర్తుకు చాలా ముందే గీత ఎగిరి పడి, గుర్తు దగ్గర పడుకుంటోంది. భూపాల్ నీళ్ల వైపు తిరిగి కూర్చున్నాడు, అప్పుడే పడవను అమ్మేసినవాడి మల్లే.

"ఎట్ల కొలిసినవ్ తమ్మీ?" అంది శ్యామలమ్మ. వెక్కిరింపేమీ లేదు, నిజంగానే అడిగింది.

"బీడీలతోటక్కా. కట్ట మీద నడిసి..." అంటూనే ఆగిపోయాడు. చెయ్యి దానంతటదే ఎడమ భుజం మీదికి పోయింది. భుజం ఖాళీగా ఉంది. "మోటారు! అప్పుడు నా భుజాన మోటారుండె. ఉత్త చేతుల్తోని నడిస్తే బీడీకి ఎక్కువ దూరం వస్తది గదా!"

శ్యామలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇంకొక్కసారి చూస్త. గంతే."

మర్నాడు ఇబ్రహీంపట్నం ఆ వేడుకను కళ్లారా చూసింది. మూడు హెచ్‌పీ మోటారు భుజాన పెట్టుకుని, నోట్లో బీడీతో, చెమటలు కక్కుతూ శ్రీశైలం కట్ట మీద నడుస్తుంటే, వెనకాల ఫోను పట్టుకుని భూపాల్.

"మోటారు యాడికన్నా? కట్ట మీద బాయి పడ్డదా?" అని అడిగారు దారిన పోయేవాళ్లు సైకిల్ ఆపి.

"దూరం కొలుస్తున్న, జర పక్కకు జరుగుండ్రి."

"కొద్దిసేపు దించనియ్యిరా," అని బతిమాలాడు శ్రీశైలం నాలుగో బీడీ దగ్గర.

"అప్పుడు దించినవా? నడు," అన్నాడు భూపాల్. చిన్నప్పటి బాకీలన్నీ ఆ పూట తీర్చుకున్నాడు.

కొత్త లెక్కతో గుర్తులన్నీ దగ్గరికి జరిగాయి. ఆదివారం మళ్లీ పలక పైకి లాగి పడవను కదిలించారు. మల్లయ్య గుర్తు చేరీ చేరగానే లోతు గీత పైకి లేచింది. తెప్పల మీద ఈలలు. గౌండ్లోళ్ల బావి, దాని పక్కది, ఆ పక్కది కూడా గుర్తుల మీదే దొరికాయి. ఒకటి కొంచెం తప్పితే శ్యామలమ్మ "కుడి దిక్కు జరుపు" అంది. శ్రీశైలం మారు మాట్లాడకుండా జరిపాడు. భూపాల్ ఆశ్చర్యంగా చూశాడు.

తిరిగొచ్చేటప్పుడు గాలి బాగుంది, పలక దించి చాప ఎత్తారు. పడవ ఒడ్డు వైపు నేరుగా పోతూ పోతూ, ఖాళీ నీళ్ల మధ్య ఉన్నట్టుండి పెద్ద మలుపు తిరిగింది.

"గీడ ఎందుకు తిప్పినవ్?" శ్యామలమ్మ లేచి తెర వైపు వంగింది. "దీంట్ల ఏం లేదు గదా?"

శ్రీశైలం చుక్కాని వైపు చూశాడు, చాప వైపు చూశాడు. పక్కకు తిరిగిపోదామంటే చెరువులో సందులు లేవు.

"మీ బాయక్కా. అది నాకెర్కనే గదా అని పెట్టలే."

"నీకెర్క. రేపు నీకు జ్వరమొస్తే చుక్కాని పట్టేటోనికి ఎట్ల ఎర్క? మా వల మళ్ల తెగాల్నా?"

గుర్తు పెట్టకపోవడానికి అసలు కారణం సిగ్గు. అది వల కంటే, పడవ కంటే, చేతిలో వణుకుతున్న ఈ కర్ర కంటే పెద్దదేమీ కాదని ఆ నిమిషంలో అతనికే తెలిసొచ్చింది. పలక పైకి లాగి, పడవను మెల్లగా వెనక్కి తిప్పి, లోతు గీత ఎగిరిన చోట గుండీ నొక్కాడు. తెర పేరు అడిగింది. "నారయ్య బాయి అని రాయాల్నా?" అన్నాడు చిన్న గొంతుతో.

"ఊర్ల ఎవడంటడు గట్ల?" అంది శ్యామలమ్మ. "నారయ్య బాయంటే మా ఆయనకే అర్థం గాదు."

తెప్పలవాళ్లంతా దగ్గరికొచ్చి మెడలు చాచారు. శ్రీశైలం తల ఊపి, ఒక్కో గుండీ నొక్కుతూ ఒక్కో అక్షరం పేర్చాడు. పూర్తయ్యాక తెర వాళ్ల వైపు తిప్పి పట్టుకున్నాడు. ముందు నవ్వింది అతనే. తర్వాత చెరువంతా నవ్వింది.

"ఇగ ఒడ్డుకు తోలు," అంది శ్యామలమ్మ కూర్చుంటూ. "వచ్చే ఆదివారం మా చుట్టాలొస్తరు, ఎక్కించుకోని తిప్పు."

ఇప్పటికీ ఆదివారాలు ఆ పడవ తిరుగుతోంది. నగరం నుంచి వచ్చినవాళ్లు తెర మీద పేర్లు చదివి, బావిలో పడ్డ ఈ శ్రీశైలం ఎవరని అడుగుతారు. అతను చుక్కాని మీద చెయ్యి తీయకుండా, "నేనే," అని మొదలుపెడతాడు.