రెండో వారం కొలత

మా అక్క చొక్కాల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు చెకింగ్ చేసింది. ట్యూబ్‌లైటు కింద చొక్కా పరిచి చూసి, కుట్టు వంకర పోతే కుట్టినవాళ్ల ఒళ్లోకే విసిరేది. సూపర్‌వైజర్‌నైనా లెక్కచేసేది కాదు. నా పెళ్లినాడే మా ఆయన్ని ఎగాదిగా చూసి, "మరిదిగారూ, చొక్కా ఎడమ చెయ్యి అర అంగుళం పొట్టి" అన్న మనిషి.

ఆ అక్కకు రొమ్ములో గడ్డ తేలింది. ముందు కీమోతో గడ్డను కుదించి, తర్వాత ఆపరేషన్ చేస్తామన్నాడు డాక్టరు. మందు పట్టకపోతే వేరే మందుకు మారాలి. ఆ సంగతి ఎంత తొందరగా తెలిస్తే అంత మంచిది. అదే ఆసుపత్రిలో అందుకోసమే ఓ కొత్త పరీక్షను ప్రయోగంగా చేస్తున్నారు. చీకటి గదిలో సబ్బుబిళ్లంత పరికరాన్ని రొమ్ముకు ఆనిస్తే, ఎర్రటి వెలుగు లోపలికి పోయి గడ్డలో రక్తం, ఆక్సిజన్ ఎంతున్నాయో చూపిస్తుంది. అవి తగ్గితే మందు పట్టినట్టు. సూది లేదు, నొప్పి లేదు. ప్రయోగంలో ఉన్నంతకాలం కొలతలు రోగికి గానీ డాక్టరుకు గానీ చెప్పరని కాగితంలో రాసుంది. అది నేను చదివాను. బుద్ధి గడ్డితిని, "ఇంకో పరీక్షేగా అక్కా, మంచిదే, సంతకం పెట్టు" అన్నాను.

రెండో వారం టెక్నీషియన్ అమ్మాయి ఒకసారి కొలిచింది. మళ్లీ కొలిచింది. మూడోసారి కూడా కొలిచి తెర ఆపేసింది.

"ఏమంటోందమ్మాయ్ నీ లైటు?" అంది అక్క.

"చెప్పకూడదమ్మా."

అంతదాకా గలగలా మాట్లాడే పిల్ల, ఆ రోజు నోరెత్తకుండా లిఫ్టు దాకా అక్క సంచీ మోసుకొచ్చింది. "ఏదో తేడాగా ఉందే" అంది అక్క బస్సులో. "నీదంతా అనుమానం" అని కసిరాను. డాక్టరు చేత్తో నొక్కి చూసి కొంచెం మెత్తబడినట్టే ఉందన్నాడు. ఆ మాట పట్టుకుని వేలాడాం.

ఐదు నెలలు అదే మందు. జుట్టు పోయింది, గోళ్లు నల్లబడ్డాయి, నోరు పుండై మంచినీళ్లకు కూడా మండేది. ఆఖర్న స్కాన్ తీస్తే జబ్బు చంకలోకి, అక్కడినుంచి కాలేయానికి పాకింది. ఇక ఆపరేషన్ లేదన్నారు.

అక్క పేరు ప్రయోగంలోంచి తీసేశాక ఆ అమ్మాయి వార్డుకొచ్చింది. ఇప్పుడు చెప్పొచ్చు కాబట్టి చెప్పింది.

"మందు పట్టలేదని రెండో వారమే తెలిసిందమ్మా. మా యంత్రం తప్పు చెప్పలేదు."

"అసలు చెబితేగా" అంది అక్క.

ఆ పిల్ల చెంప పగలగొట్టాలనిపించింది. కాగితం చదివి ఊరుకున్న నేను, ఏ మొహం పెట్టుకుని కొట్టను?

అక్క దిండుకు ఆనుకుని కూర్చుంది. "ఆ గదికి ఇంకా ఎంతమంది వస్తున్నారు?"

"పద్నాలుగు మంది."

"నాలాగే మందు పట్టనివాళ్లు?"

"ముగ్గురమ్మా."

"వాళ్లకు చెప్తావా?"

ఆ పిల్ల ఏడుస్తూనే తల అడ్డంగా ఊపింది.