ఎవరి గల్లా పట్టాలె?

శంషాబాద్ చుట్టూ భూములకు రెక్కలొచ్చిన రోజుల్లో రాఘవేందర్‌కు ఉన్న పని ఒక్కటే, కొట్టడం. ఒకరు నాటిన హద్దు కడీలు ఇంకొకరు పీకేసేవాళ్లు. పీకినవాళ్లను తరమడానికి ప్లాట్ల వ్యాపారం చేసే ఒక షావుకారు రాఘవేందర్‌నూ, అతని దోస్తు గోవర్ధన్‌నూ పెట్టుకున్నాడు. రాఘవేందర్‌ది గొడ్డు బలం. నోరు తెరిచేలోపే చెయ్యి లేచేది. రావిర్యాల దిక్కు జరిగిన ఒక కొట్లాటలో అతని చేతిలో ఎవరిదో చెవి తెగి వేలాడింది. ఇంకో దగ్గర అతని ముందు పళ్లే రాలిపోయాయి. వాటి స్థానంలో కట్టించుకున్న స్టీలు పళ్లు చూస్తేనే సగం మంది దారి తప్పుకునేవాళ్లు.

షావుకారు గుండె ఆగి చనిపోవడంతో ఆ పని పోయింది. భార్య ప్రేమలత మెడలో గొలుసు తీసిచ్చింది. దాంతో పాత నీళ్ల ట్యాంకరు ఒకటి కొని, ఎయిర్‌పోర్టు దారిలో లేస్తున్న అపార్ట్‌మెంట్లకూ హాస్టళ్లకూ నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. ప్రేమలత ఒక హాస్టల్‌లో రొట్టెలు చేసేది. పని మారింది గానీ మనిషి మారలేదు. ఇంట్లోనూ అతని చెయ్యి ఆగేది కాదు. ప్రేమలతకు ఎడమ చెవి సరిగ్గా వినపడదు. ఎందుకని అడిగినవాళ్లకు బాత్రూంలో జారిపడ్డానని చెప్పేది.

ఒకనాడు కూరలో ఉప్పెక్కువైందని మిక్సీ ఎత్తి గోడకేసి కొట్టాడు. తెల్లారి తనకే బాధనిపించింది. నోటితో ఆ మాట చెప్పడం చేతగాక ఫోన్ తీసి, ‘ఇంటిబండి’ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొత్త మిక్సీ ఆర్డరు పెట్టాడు. కార్డు నంబరు కొట్టాడు, ఓటీపీ కొట్టాడు. మధ్యలో పచ్చగా ఒక గడి మెరిసింది. మొదటి నెల ఉచితం అన్న మాట ఒక్కటే కనపడింది. ఉచితం కదా అని దాన్నీ నొక్కాడు. మిక్సీ వచ్చింది. ప్రేమలత స్విచ్చి పెట్టి అల్లం రుబ్బుకుంది.

ఆ తర్వాత ప్రతి నెలా ఖాతాలోంచి పైసలు కట్ కావడం మొదలైంది. బ్యాంకు ముందురోజే మెసేజ్ పంపేది. అది ఇంగ్లీషులో ఉండేది. రాఘవేందర్ దాన్ని వేలితో పక్కకు తోసేసేవాడు.

సంగతి బయటపడింది పెట్రోలు బంకులో. డీజిల్ పోయించుకుని కార్డు ఇస్తే పని చెయ్యలేదు. మళ్లీ గీకినా అంతే. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి.

“బ్యాలెన్స్ లేదన్నా. జర పక్కకు పెట్టు బండి,” అన్నాడు బంకులో మనిషి.

“లేకపోవుడేంది? నిన్ననే హాస్టలోల్లు ఏసిండ్రు!”

“ఏమో అన్నా. లేకుండనే డీజిల్ కొట్టించుకునేటోల్లు శానామంది వస్తరు.”

ఆ మాట ఇంకా పూర్తి కానేలేదు, రాఘవేందర్ చెంప పగలగొట్టాడు. కార్డు మిషను ఎగిరి నేల మీద పడింది. నలుగురు వచ్చి అతన్ని వెనక్కి లాగారు. ట్యాంకరు తాళాలు బంకు ఓనరు తీసుకున్నాడు. ప్రేమలత హాస్టల్ మేడంను బతిమాలి పైసలు తెచ్చి కట్టేదాకా తాళాలు ఇవ్వలేదు.

ఖాతా చూపిస్తే ప్రేమలతే కనిపెట్టింది. “ఇంటిబండి అని ఉన్నది సూడు. నెలనెలా గుంజుతున్నరు. నిన్న గూడ గుంజిండ్రు, గందుకే డీజిల్‌కు తక్కువపడ్డయి.”

రాఘవేందర్ ఆ దుకాణం నంబరుకు ఫోన్ చేశాడు. పాట వినిపించింది. ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది. చాలాసేపటికి ఒక అమ్మాయి పలికింది. “నమస్కారం అండి. మీకు నేను ఎలా సహాయపడగలనండి?” కోస్తా మాట, మెత్తగా ఉంది.

“నా పైసలు ఎందుకు గుంజుతున్నరు?”

“మీరు గోల్డ్ సభ్యత్వం తీసుకున్నారు సార్. మొదటి నెల తర్వాత—”

“నేనేం తీస్కోలే! నువ్వు యాడుంటవ్? అడ్రస్ చెప్పు, ఇప్పుడే వస్త.”

“మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్.”

రాఘవేందర్ ఆ అమ్మాయిని అమ్మానాన్నలతో కలిపి తిట్టాడు. ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే ఈసారి ఎవరో అబ్బాయి, మళ్లీ మొదటినుంచి పేరు, నంబరు అడిగాడు. అతనూ చింతించాడు. రాఘవేందర్ మెడ నరాలు ఉబ్బాయి. బతుకంతా ఎవరితో తేడా వచ్చినా ఎదుట ఒక మనిషి ఉండేవాడు. గల్లా పట్టడానికి ఒక చొక్కా ఉండేది. ఇక్కడ గొంతులు తప్ప ఏమీ లేవు. ఫోన్‌ను మంచం మీదికి విసిరేసి, ట్యాంకరు వాల్వు తిప్పే ఇనుప పానా పట్టుకుని వాకిట్లోకి వచ్చి కూచున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో అతనికే తెలియదు.

సరిగ్గా అప్పుడే గల్లీలోకి ఒక స్కూటరు వచ్చింది. దాని మీది మనిషి చొక్కాకు వీపున ‘ఇంటిబండి’ అని రాసి ఉంది.

ఆ మనిషి పేరు ఖుర్రం. పహాడీ షరీఫ్ నుంచి వస్తాడు. పక్కింటివాళ్లకు చెప్పుల డబ్బా తెచ్చాడు. హెల్మెట్ తీస్తూ ఇంటి నంబరు కోసం తలెత్తి చూసేసరికి రాఘవేందర్ మీదికి వచ్చేశాడు.

“నా పైసలియ్‌రా!”

“ఏం పైసలు భాయ్? నేను డెలివరీవాలా—”

మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఖుర్రం స్కూటరుతో సహా మురికి మోరీలో కూలబడ్డాడు. రెండో దెబ్బకు తలకు అడ్డం పెట్టుకున్న చెయ్యి ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు చేసింది. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఖుర్రం “యా అల్లా” అని అరిచిన అరుపుకు గల్లీలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఒక్కరూ దగ్గరికి రాలేదు. రాఘవేందర్ ఆగలేదు. వీపు మీది ఆ అక్షరాల మీదే కొట్టాడు, అవి చెరిగిపోవాలన్నట్టు.

ప్రేమలత పరుగెత్తుకుంటూ వచ్చింది. “సస్తడు, ఇడువు!” అని నడుం పట్టుకుని లాగింది. మోచేత్తో ఆమె మూతి మీద కొట్టాడు. ఆమె పడింది, నోట్లోని రక్తం ఊసింది, లేచింది. గోడ పక్కన ఇటుకలున్నాయి. ఒకటి రెండు చేతులతో ఎత్తి మొగుడి నెత్తి మీద దించింది.

రాఘవేందర్‌కు ఆకాశం గిర్రున తిరిగింది. మోకాళ్ల మీద కూలిపోయాడు. కళ్లల్లోకి కారుతున్న రక్తంలోంచి, ఇంకో ఇటుక పట్టుకుని నిలబడ్డ పెళ్లాన్ని చూశాడు. జీవితంలో మొదటిసారి ఆమెను చూసి భయమేసింది.

పోలీసులు వచ్చారు. ఖుర్రంను దవాఖానకు, రాఘవేందర్‌ను కుట్లు వేయించి ఠాణాకు తీసుకుపోయారు. ప్రేమలత జరిగింది జరిగినట్టు చెప్పింది, తన చెవి సంగతితో సహా. మర్నాడు బ్యాంకుకు పోయి నెలనెలా కట్ కాకుండా ఆపించింది. పోయినవి తిరిగి రావనీ, నొక్కింది మీ ఆయనేననీ బ్యాంకులో చెప్పారు.

రాఘవేందర్ జమానత్ మీద బయటికి వచ్చేసరికి ప్రేమలత ఇంట్లో లేదు. రాజేంద్రనగర్‌లో అక్క సరిత దగ్గరికి పోయింది. ఫోన్ చేస్తే ఒక్క మాటే అంది. “నొక్కింది నువ్వే. గా పిలగాన్ని సంపబోయినవ్.”

గోవర్ధన్ మాత్రం వచ్చాడు. “ఆ పిలగాడు కేసు వాపసు తీస్కుంటే అయిపాయె. పోయి జర సముదాయిద్దం పా,” అన్నాడు. సముదాయించడమంటే ఏమిటో రాఘవేందర్‌కు తెలుసు. తెలిసే బండెక్కాడు.

పహాడీ షరీఫ్‌లో ఖుర్రం ఉండేది రేకుల ఇల్లు. తలుపు తీసింది అతని భార్య మసర్రత్. వెనక ఖుర్రం చేతికి ఇనుప చువ్వలు బిగించిన కట్టుతో గోడకానుకుని ఉన్నాడు. రాఘవేందర్ మొహం కనపడగానే, బాగున్న చెయ్యి దానంతటదే తల మీదికి పోయింది. గోడలోకి ముడుచుకుపోయాడు.

గోవర్ధన్ లోపలికి కాలు పెట్టాడు. “ఏం బిడ్డా, ఒక చెయ్యి పోయింది, రెండోది ఉండాల్నా వద్దా?”

మసర్రత్ పొయ్యి మీది గిన్నె ఎత్తి ఉడుకుతున్న గంజి విసిరింది. గోవర్ధన్ కాళ్లు బొబ్బలెక్కాయి. బూతులు తిడుతూ ఆమె జుట్టు పట్టుకున్నాడు.

“ఇడువురా,” అన్నాడు రాఘవేందర్.

గోవర్ధన్ విడవలేదు. రాఘవేందర్ అతని మెడ పట్టి వాకిట్లోకి ఈడ్చాడు. ఇద్దరూ మట్టిలో పొర్లారు. గోవర్ధన్ అతని తల మీది కుట్లు పట్టి చీల్చాడు. రాఘవేందర్ దోస్తు మొహం మీద గుద్దుతూనే ఉన్నాడు, ముక్కు చదునయ్యేదాకా. చివరికి ఎవరో నీళ్లు గుమ్మరించి విడదీశారు.

రొప్పుతూ తలుపు దిక్కు చూశాడు. మసర్రత్ కళ్లల్లో మెచ్చుకోలు లేదు.

“నువ్వు కూడా పో,” అంది. “ఇద్దరూ ఒకటే మీరు.”

తలుపు గడియ పడింది.

కోర్టులో వకీలు వద్దంటున్నా, కొట్టింది నేనేనని ఒప్పుకున్నాడు. ట్యాంకరు అమ్మి ఖుర్రం ఆపరేషన్‌కు కట్టాడు. ఖుర్రం ఆ పైసలు తీసుకున్నాడు గానీ క్షమించలేదు. అతని వేళ్లు ఇప్పటికీ పిడికిలి కావు. స్కూటరు మానేసి గోదాములో డబ్బాలకు స్టిక్కర్లు అంటిస్తున్నాడు.

రాఘవేందర్ శిక్ష ముగించుకుని వచ్చి వేరేవాళ్ల ట్యాంకరు నడుపుతున్నాడు. ప్రేమలత తిరిగి రాలేదు. హాస్టల్‌కు నీళ్లు పోయడానికి పోయినప్పుడు వంటింటి కిటికీలోంచి కనపడుతుంది. మాట్లాడదు. ఒక్కోసారి పనిపిల్ల చేత చాయ్ పంపిస్తుంది, ఒక్కోసారి పంపించదు.

మొన్న ఎయిర్‌పోర్టు రోడ్డులో ఒక కారువాడు అడ్డంగా దూరి, పైగా అద్దం దించి తల్లిని తిట్టాడు. రాఘవేందర్ బండి ఆపి దిగాడు. పిడికిళ్లు బిగిసి ఉన్నాయి. ఆ స్టీలు పళ్లు చూడగానే కారువాడు అద్దం ఎక్కించుకుని లోపల ముడుచుకున్నాడు, బాగున్న చేతిని తల మీదికి తెచ్చుకున్న ఖుర్రంలాగే. రాఘవేందర్ పిడికిళ్లు సడలాయి. తర్వాత వెనక్కి తిరిగి తన ట్యాంకరు టైరును ఒక్క తన్ను తన్నాడు. బొటనవేలి గోరు ఊడింది. కుంటుకుంటూ ఎక్కి, రక్తం కారుతున్న కాలితోనే క్లచ్చి తొక్కాడు.