తుడిచిపెట్టుకుపోయిన దుకాణం నంబరు

కాలేషాది మార్కాపురం. పలకల ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు రాయి కోసిన మనిషి. ఎగుడుదిగుళ్లన్నీ ఒకే కొలతకు తెచ్చేస్తే ఏ గొడవా ఉండదనేది ఆయన మాట. కూతురు ముబాషిరా రాయి కోయలేదు గానీ ఆ మాట మాత్రం బాగా ఒంటబట్టించుకుంది. ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని, ఊళ్లో ఒక డయాలసిస్ కేంద్రానికి వెబ్‌సైటు నడుపుతుంది. అక్కడ మిషన్లు తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరి వంతు ఎప్పుడో వారంవారం మారుతుంది. ఫోనుకు మెసేజ్ వస్తేనే రోగి బయలుదేరతాడు.

పల్లెల్లో రోగుల పేర్ల మీద నింపే ఫారం నుంచి ప్రతి వివరమూ ఒక పేరు తగిలించుకుని వస్తుంది. ఆ పేరు డేటాబేసులోని గడి పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఫారం రాసిన మహానుభావుడెవరో గానీ, పేర్లలో ఇంగ్లీషు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు కలగాపులగం చేసి పెట్టాడు. గడులేమో దాదాపు అన్నీ చిన్నక్షరాలే. కలవని వివరాలు గాలికి పోతున్నాయి. ఒక్కోటీ చూసి జతచేసే ఓపిక ఎవరికుంది? ముబాషిరా ఒక్క లైను రాసి పేర్లన్నిటినీ చిన్నక్షరాల్లోకి మార్చేసింది. అన్నీ టకటకా కలిసిపోయాయి. ఏం తెలివి, ఏం తెలివి!

సోమవారం పొద్దున కేంద్రం నుంచి నర్సు ఎలీషబా ఫోన్ చేసింది. పుల్లలచెరువు చెన్నయ్య పోయిన బేస్తవారం రాలేదట, మెసేజ్‌కు జవాబు లేదట. ఇవాళ రెండు గంటల వంతు కూడా తప్పితే ఆ మనిషి దక్కడం కష్టమని చెప్పింది.

ముబాషిరా ఫారం తెరిచింది. అందులో మొబైల్ అనే పేరు రెండుసార్లు ఉంది. పెద్దక్షరంతో మొదలయ్యేది దుకాణం నంబరు, అన్నీ చిన్నక్షరాలున్నది రోగి సొంత నంబరు. డేటాబేసులో రెంటికీ వేర్వేరు గడులు. అడవి అంచు ఊళ్లలో చాలామందికి సొంత ఫోను ఉన్నా అది పనిచేస్తుందన్న నమ్మకం లేదు. అందుకే దుకాణం నంబరు కూడా ఇస్తారు, కబురు చేరేది దాంతోనే. ఆమె రాసిన లైను రెండు పేర్లనూ ఒకటి చేసేసింది. వెనక వచ్చిన చెన్నయ్య నంబరు ముందున్న దుకాణం నంబరును తుడిచేసింది. ఆ సిమ్ము ఎన్నడో ఆగిపోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఇరవైసార్లు అదే నంబరు నొక్కి, నెత్తి బాదుకుంటూ తమ్ముడు షారుఖ్ ఆటో ఎక్కింది. కేంద్రానికి ఒక మాట చెప్పాలని తోచేసరికి కొండదారి పట్టారు, ఫోనుకు సిగ్నల్ పోయింది. దారి పొడవునా తమ్ముణ్ణి తొందరపెడుతూ, తనను తానే తిట్టుకుంటూ కూర్చుంది.

పుల్లలచెరువులో చెన్నయ్య ఆ దుకాణం అరుగు మీదే ఉన్నాడు. ముఖం వాచింది, కాళ్లు ఉబ్బాయి. మెసేజ్ ఇప్పుడొస్తుంది, అప్పుడొస్తుందని వారం నుంచి ఇక్కడే కాచుకుని ఉన్నాడని భార్య గురమ్మ చెప్పింది. దుకాణం హనుమంతరావు కూడా గంటకోసారి తన ఫోను చూసి పెడుతున్నాడట. అందరూ కలిసి ముసలాయన్ను ఆటోలోకి ఎక్కించారు.

అప్పటికి ఒంటిగంట. హనుమంతరావు ఫోను తీసుకుని ముబాషిరా కేంద్రానికి చేసింది. కానీ ఆలస్యమైపోయింది. పన్నెండు దాటినా జవాబివ్వని పేరు దానంతటదే జాబితాలోంచి పోతుంది, తర్వాతి మనిషికి కబురు వెళ్తుంది. కబురందుకున్న రోగి అప్పుడే వచ్చి మంచమెక్కి పడుకుంది, ఆమెను లేచిపొమ్మని ఏ నోటితో చెప్పేదని ఎలీషబా అడిగింది. ఇంక బేస్తవారమే అంది. పన్నెండు గంటల నియమం రాసిందీ ముబాషిరానే. ఎలీషబాను ఏమనగలదు?

ముబాషిరాకు ఏడుపు ఆగలేదు.

"తప్పు నాది తాతా. ఈ దుకాణం నంబరు నేనే చెరిపేసినా" అంది.

గురమ్మ తల దించుకుంది. చెన్నయ్య మాత్రం వాచిన కళ్లు కష్టంగా తెరిచి చూశాడు.

"పోనీలే తల్లీ. బేస్తవారం దాకా ఉంటే సాలు గదా. ఉంటానంటావా?"

ముబాషిరా కళ్లు తుడుచుకుని, ఆటోను ఒంగోలు పెద్దాసుపత్రికి తిప్పమని తమ్ముడితో చెప్పింది. అక్కడికి నాలుగు గంటల దారి.