కిందికి పంపిన నీళ్ళు

దోర్నపాల్ సంతలో ఉప్పు బస్తాలు దింపిస్తుంటే మా ఊరు కోంటా నుంచి వచ్చిన బండివాడు చెప్పాడు, మా పక్కింటి మామ జ్వరంతో పోయాడని. నేను తేరుకునేలోపే పక్క దుకాణం సేటు, "అయితే భూమి ఊగుతదని బెదిరించేటోడు ఇంక లేడన్నమాట" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. వాళ్ళ మీదే కాదు, మామ మీద కూడా. చెప్పింది ఒక్కడి చెవికైనా ఎక్కకముందే పోతే ఎట్లా?

మామ నాకు చుట్టం కాడు. పక్క వాటాలో ఉండేవాడు కాబట్టి మామ, ఆయన భార్య అత్త. కోంటాలోనే పుట్టి, వయసులో ఉండగా శబరి మీద పడవెక్కి రాజమండ్రి చేరి, ఆ తర్వాత ఓడెక్కి రంగం, అంటే రంగూను, పోయాడు. బర్మా చమురు బావుల దగ్గర పంపు నడిపేవాడు. జపాను యుద్ధం మీద పడ్డప్పుడు అత్తను వెంటబెట్టుకుని, కొండలూ అడవులూ నడిచి తిరిగొచ్చాడు. బస్తర్ రాజ్యంలో చాలామందికి బర్మా ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. ఇక అక్కడి బావుల సంగతి ఎవరికి కావాలి?

నా దుకాణానికి మొదటిసారి వచ్చింది కిరసనాయిలు కోసం. నేను గరాటు పెట్టి పోస్తున్నాను.

"అల్లుడా, ఈ నూనెతో పాటు భూమిలకెళ్ళి ఉప్పునీళ్ళు ఎన్ని వస్తయో ఎరికేనా?"

"నాకెందుకు మామా?"

"నూనె కంటే ఎక్కువ వస్తయి. అవన్నీ ఎటు పోయినయో అడగవేంది?"

అడగలేదు. ఆయనే చెప్పాడు. ఆ రోజే కాదు, సీసా పట్టుకుని వచ్చినప్పుడల్లా చెప్పాడు. వెనక బేరాలు నిలబడి ఉన్నా చెప్పాడు. విసుగొచ్చి, ఆయన రావడం చూసి నేను లోపలికి తప్పుకున్న రోజులున్నాయి.

ఆయన చెప్పింది ఇది. ఆ ఉప్పునీళ్ళు పొలాల్లోకి వదిలితే పంట మాడిపోతుంది. అందుకని దొరలు ఒక ఉపాయం చేశారు. నూనె అయిపోయిన పాత బావిలోకి, పంపు పెట్టి, ఆ నీళ్ళను లోతుకు తోయించారు. తోసింది మామే. కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత నేల అదరడం మొదలైంది. చిన్న చిన్న అదుర్లు. కూలీల ఇళ్ళ గోడలు బీటలిచ్చాయి. మరమ్మత్తుకని పంపు ఆపినప్పుడు మెల్లగా అదుర్లు తగ్గేవి. మళ్ళీ తిప్పిన కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చేవి. మామ పోయి చెబితే, "బర్మా నేల ఎప్పుడూ ఊగేదే, పో" అన్నారు.

"కంటికి కనపడకపోతే పీడ పోయిందనుకున్నరు అల్లుడా. కిందికి పోయింది మాయమైతదా? కిందనే ఉంటది."

ఒక్క సంగతి మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అత్త చెప్పింది. ఓ పొద్దున ఆమె అన్నం వారుస్తుంటే నేల కదిలి, గోడ కూలి ఎడమకాలి మీద పడింది. ఆమెను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి, మామ తిన్నగా పోయి ఎవరినీ అడగకుండా పంపు ఆపేశాడు. మర్నాడే ఆయన్ను పంపు మీద నుంచి తీసి గొట్టాలు మోసే పనికి వేశారు. ఇంకొకడొచ్చి పంపు తిప్పాడు.

"కొన్నాళ్ళు ఆపి చూడుండ్రని ఈయన కాళ్ళావేళ్ళా పడ్డడు. ఆపలే," అంది అత్త. "జపానోళ్ళు వస్తున్నరనంగనే బావులు, పంపులు, అన్నీ వాళ్ళే పగలగొట్టుకున్నరు. గప్పుడు పంపు ఎట్ల ఆగింది?"

ఒకసారి మా కోంటాలోనే గిన్నెలు గలగలమన్నాయి. నేల కదిలి ఆగిపోయింది. వీధి వీధంతా మామ వాకిట్లో చేరింది. "ఇక్కడెవరు పంపు పెట్టిండ్రు మామా?" అని ఒకటే ఇకఇకలు. మామ మొహం ఎర్రబడింది. "ఇది దానంతటదే కదిలింది. కదిలినప్పుడల్లా మనిషే కదిలించిండని నేనెప్పుడన్న?" అన్నాడు. ఇంకా నవ్వారు. ఇదీ మనిషి పనే అని అబద్ధమాడి ఉంటే ఆ రోజు ఊరంతా ఆయన్ను నమ్మేది.

ఇది జరిగాక, కొండల్లో రాళ్ళు పరీక్షించే దొర ఒకడు వచ్చి కోంటాలో డేరా వేశాడు. మామ పొద్దున్నే ఉతికిన పంచె కట్టుకుని, దుబాసీగా నన్ను లాక్కుపోయాడు. నేను హిందీలో చెబితే గుమాస్తా ఇంగ్లీషులో చెప్పాడు. దొర మర్యాదగానే విన్నాడు. చివరికి, "భూమి ఎంత, మీ పంపు ఎంత?" అన్నాడు.

మామ డేరా బయట పడి ఉన్న రెండు నాపరాళ్ళు తెచ్చి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఏటవాలుగా ఎత్తి పట్టుకున్నాడు. పై రాయి కదల్లేదు. "అల్లుడా, సందులోకి నీళ్ళు పొయ్" అన్నాడు. పోశాను. పై రాయి సర్రున జారి దొర బూటు ముందు పడింది.

"పంపు భూమిని ఊపిందని నేనంటలే. జారేటందుకు తయారుగా ఉన్నదాని సందుల నీళ్ళు తోసినమంటున్న. గంతే. గది చెప్పు ఆయనకు."

చెప్పాను. దొర పెద్దగా నవ్వి, మామ భుజం తట్టి, ఒక సిగరెట్టు ఇచ్చాడు. మర్నాటికి డేరా ఎత్తేశారు. ఆ రోజు ఇంటికొచ్చే దారి పొడుగునా మామ ఆ సిగరెట్టును వేళ్ళ మధ్య నలుపుతూనే వచ్చాడు. "సిగరెట్టు ఎవడడిగిండు? ఎవడడిగిండు?" అని నన్నడుగుతాడు, నేనే ఇచ్చినట్టు.

నన్ను అంత విసిగించిన ఆ మనిషికి నేను రుణపడ్డాను. పెళ్ళిళ్ళలో ఎంగిలి విస్తళ్ళు ఎత్తి పారేసేటప్పుడు కూడా ఇవి ఎటు పోతాయని అడుగుతాను. ఇంట్లోవాళ్ళకు ఇప్పుడు నా మీద విసుగు.

నేను సంత నుంచి వచ్చేసరికి దహనం అయిపోయింది. అత్త గడప మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. "ఇల్లు సప్పుడు లేకుండ అయింది. ఎవరన్న ఒకరు కోపం జేస్తే బాగుండు" అంది. నేను ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. జ్వరం రాకముందు మామ ఉతుక్కుని ఆరేసుకున్న తువ్వాలు దండెం మీద ఎండకు అట్ట కట్టి ఉంది. గాలి వచ్చినప్పుడల్లా దాని ఒక కొస లేచి, మళ్ళీ పడుతోంది. చీకటి పడేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.