పాటలో రాసిన పేరు

దయ్యాల కథలు చెబితే అందరికంటే ముందు నవ్వేది నేనే. కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, చీకటికీ గాలికీ జడిసే రకం కాదు. అందుకే ఇది చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది.

రాయదుర్గంలో ఓ ఆఫీసులో పాటలు విని మాటలు టైపు చేసే ఉద్యోగం నాది. ఓ వారమంతా ఎక్కడిదో చలిదేశపు జానపదాలే వచ్చాయి. అక్కడివాళ్లు ఓడ దిగి, గడ్డకట్టిన సముద్రం మీద నడిచి, సీల్ అనే జంతువుల్ని తోలు కోసం దుడ్డుకర్రలతో బాది చంపేవాళ్లట. తుపాను వచ్చి ఓడ దూరమైతే ఆ మంచు మీదే బిగుసుకుపోయేవాళ్లట. ఆ చావుల మీద కట్టిన పాటలవి.

ఆ వారంలో ఓ రోజు వచ్చిన పాట ఓ ముసలాయన వాయిద్యం లేకుండా పాడింది. పుర్రెలు పగలడం, మంచు ఎర్రబడడం, తల్లి సీల్ చూస్తుండగా దాని పిల్లని చంపడం. ఛీ, ఇదేం పాటరా బాబూ అనుకుంటూనే టైపు చేశాను. చివర చచ్చిపోయినవాళ్ల పేర్లు. ఒక పేరు ఎన్నిసార్లు విన్నా తెలియలేదు. ఖాళీ వదిలితే ఫైలు ముందుకు పోదు. అలాంటప్పుడు మేమంతా నోటికొచ్చిన పేరు కొట్టేసి, తర్వాత దిద్దుకుంటాం. నేను నూకరాజు అని కొట్టాను. మా తమ్ముడి పేరు.

వాడప్పుడు బోటు మీద చేపల వేటలో ఉన్నాడు. మగవాళ్లు వేటలో ఉండగా వాళ్ల పేరు చావు మాటల్లోకి రానివ్వకూడదని మా అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేది. ఆ క్షణంలో గుర్తు రాలేదు.

పాట అయిపోయింది. హెడ్‌ఫోన్లో దెబ్బలు మొదలయ్యాయి. తడి మూటని కర్రతో బాదుతున్న చప్పుడు. దెబ్బ దెబ్బకీ ఓ మూలుగు. తెర మీద ఫైలు ఆగిపోయే ఉంది. పక్క సీటు శ్రీలత చెవులకి పెట్టాను.

“ఏందే ఇది! ఎవర్నో సంపుతున్నరు గదా!” అని విసిరికొట్టింది.

అమ్మ చెప్పిన మాట అప్పుడు వెలిగింది నాకు. వెంటనే ఆ పేరు చెరిపేశాను. చప్పుడు టక్కున ఆగింది. టైము పదకొండూ ఇరవై.

సాయంత్రం అమ్మ ఫోను. “వలల కాడ గొడవైందే. పక్కూరోళ్లు తమ్ముణ్ణి తెడ్డుతో కొట్టేశారే!”

బతికాడు. ఎడమ కన్ను పోయింది. ఆసుపత్రి మంచం మీద వాడు చెప్పింది ఇది:

“నేను కింద పడ్డాక కూడా ఒకడు కొడతానే ఉన్నాడక్కా. ఇంకో దెబ్బ పడితే పోయేవోణ్ణి. ఉన్నట్టుండి తెడ్డు వదిలేసి చెవులు మూసుకున్నాడు. ఎవడో ముసలోడు పాడతన్నాడు, ఆపండ్రా అని ఒకటే అరుపు.”

గొడవ ఎన్నింటికి జరిగిందని బోటు మీదివాళ్లని అడిగాను. పదకొండు దాటింది, పన్నెండు కాలేదు అన్నారు. తర్వాత ఆ ఫైలుని ఆఫీసులో చాలామంది విన్నారు. పాట ఉంది, దెబ్బలు లేవు.

వాణ్ణి నా చేత్తో నేనే కొట్టించానా, కాపాడుకున్నానా? ఎంత ఏడ్చినా తెలియలేదు.

ఆ ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది. ఒక పేరు తక్కువైందని రోజూ ఎర్రగా చూపిస్తుంది. టీమ్ లీడ్ తిడుతూనే ఉన్నాడు, పూర్తి చెయ్యమని. ఆ ఖాళీలో ఎవరి పేరు రాయమంటారు?