ఖండిస్తూ, ఒక వాన పాట కోరుతూ

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. ఒకటి, నా గొంతు బాగుంటుందని. రెండు, స్టూడియోలో ఎర్రదీపం వెలిగితే ఆ పది నిమిషాలు నన్ను ఆపగలిగేవాళ్లు దేశంలోనే లేరని. మొదటి సంగతి ఇప్పటికీ అక్కడో ఇక్కడో ఎవరో ఒకరు మొహమాటానికైనా అంటూనే ఉన్నారు. రెండోది ఎంత అమాయకత్వమో తెలియడానికి నాకు సరిగ్గా ఒక వారం పట్టింది. అప్పుడు నేను సూర్యాపేటలో సర్కారు రేడియోకి క్యాజువల్ అనౌన్సర్‌ని. క్యాజువల్ అంటే నెలకు ఆరు డ్యూటీలు. ఎవరికైనా కోపం వస్తే వచ్చే నెల జాబితాలో మన పేరు ఉండదు, ఎందుకు లేదో చెప్పే నాథుడూ ఉండడు. (మా నేరేడుచర్లలో మాత్రం నన్ను "రేడియో మేడం" అనేవారు. షేర్ ఆటోలో డ్రైవర్ పక్క సీటు నాకే. అంతకు మించిన హోదా నేను ఈ జన్మలో చూడలేదు.)

ఆదివారం సాయంత్రం రైతుల కార్యక్రమంలో పది నిమిషాల నాటిక నేనే రాసేదాన్ని. అందులో రైతు పాత్ర పాలకీడు నుంచి వచ్చే ఒక పెద్దాయనది. చుట్టరికం ఏమీ లేదు, మొదటి రోజు "మామా" అని పిలిచాను, అదే ఖాయమైపోయింది. ఆయనకు నటించడం రాదు. పొలం ఒడ్డు మీద నిలబడి ఎలా మాట్లాడతాడో మైకు ముందూ అలాగే మాట్లాడతాడు, మధ్యలో దగ్గు వస్తే దగ్గుతాడు కూడా. ఆ యాసంగి కోతలప్పుడు ఒక శుక్రవారం రిహార్సల్‌కి వచ్చి తువ్వాల ముడి విప్పి బల్ల మీద పిడికెడు వడ్లు పోశాడు. ప్రతి గింజకూ తెల్లటి మొలక ఉంది.

"సూడు బిడ్డా," అన్నాడు. "కొనుగోలు కేంద్రంల కుప్ప పోసి తొమ్మిది రోజులాయె. కాంటా ఉన్నది, సంచులున్నయ్, హమాలీలున్నరు. నాయకుడొచ్చి రిబ్బన్ కోసేదాక కాంటా పెట్టొద్దన్నరు. ఆయనకు తీరలే. వానకు తీరింది."

నాకు ఒళ్లు మండింది. తిండిగింజలు తూకం వేయడానికి ముహూర్తం ఏమిటి, వాటికి రిబ్బన్ ఏమిటి, ఆ రిబ్బన్‌కి ఫొటో ఏమిటి? ఆ మంట చల్లారకముందే కూర్చుని నాటిక రాసేశాను. అందులో రైతు, నాయకుడికి ఫోన్ చేసి అంటాడు: "అన్నా, కత్తెర తెచ్చేటప్పుడు జర కొడవలి గూడ తెండ్రి. రిబ్బన్ కోసుడు అయినంక మా కుప్ప మీద మొలిచిన నారు గూడ కోద్దురు." ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు, పార్టీ పేరు అసలే లేదు. మా ప్రోగ్రాం సారు కోదాడ వైపు మనిషి. స్క్రిప్టు ఏదైనా ఆయన పేర్లున్నాయేమోనని మాత్రమే వెతికేవారు. వెతికి, "ఎవరి పేరూ లేదుగా అమ్మాయ్, కానివ్వు," అని సంతకం పెట్టారు.

ఆదివారం నాటిక వెళ్లింది. సోమవారం పొద్దున సూర్యాపేటలోంచే మొదటి ఫోన్. "మా అన్నను గంత మాట అంటరా? సర్కారు రేడియోల కూసొని సర్కారోల్లనే తిడ్తరా?" పదకొండు గంటలకు కోదాడ నుంచి: "అన్నది మా నాయకుణ్ణేనని మాకు తెలుసండీ, బుకాయించొద్దు." భోజనాల వేళకు మిర్యాలగూడ నుంచి: "మా సారును బద్నాం చేసుడు ఎవలు రాపిచ్చిండ్రో చెప్పున్రి." ముగ్గురు నాయకుల మనుషులు, ఒకరికొకరు పడనివాళ్లు, ఆ కత్తెర మాదేనంటే మాదేనని పోటీ పడ్డారు. మామ చెప్పిన అసలు నాయకుడు ఈ ముగ్గురిలో ఉన్నాడో లేడో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నాకు ఆ రోజు అర్థమైంది ఒక్కటే, మూడు చోట్లా వడ్లు తడిశాయి.

సారు తల పట్టుకున్నారు. "ఇంతకీ ఎవర్ని అన్నావమ్మా?"

"ఎవరినీ అనలేదు సార్."

"అదే నువ్వు చేసిన తప్పు. ఒకర్ని అనుంటే ఒకరే వచ్చేవాళ్లు."

మంగళవారం ఒక జీపు వచ్చింది. గేటుకు ఫ్లెక్సీ కట్టారు, నినాదాలు చేశారు, లోపలికి వచ్చి చాయ్ తాగారు, వినతిపత్రం ఇస్తూ ఫొటో దిగారు. వాళ్లు వెళ్లాక సారు నాతో, "మనది జాతీయ ప్రసార సంస్థ తల్లీ. జాతికి కోపం వస్తే ఎలా?" అన్నారు. జాతి అంటే ఆ జీపులో ఇరుక్కుని వచ్చిన తొమ్మిది మందేనా సార్ అని అడిగాను. (అడగలేదు. అడిగానని చాలామందికి చెప్పాను. నిజానికి ఆ మాట ఇంటికెళ్లే ఆటోలో తోచింది.) జాతి అంటే జీపున్నవాళ్లట. మొలకలు ముడి వేసుకుని బస్సులో వచ్చినవాడు జాతి కాదట. ఇన్నేళ్లయినా ఈ లెక్క నాకు ఎక్కలేదు.

ఇక్కడ మా చిన్నాయన గురించి చెప్పాలి. మా నాయన తమ్ముడు, నేరేడుచర్లలో రైస్ మిల్లు గుమాస్తా, ఆ ముగ్గురు నాయకుల్లో ఒకరికి వీరాభిమాని. అంతకంటే ముఖ్యంగా, మా ఊరి రేడియో శ్రోతల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. వారం వారం పాటలు కోరుతూ కార్డులు రాయడం, ఇంటిల్లిపాది పేర్లూ చదివించుకోవడం ఆ సంఘం పని. రేడియోకి నిరసన ఉత్తరాలు వెల్లువెత్తాలని పార్టీ పెద్దల నుంచి హుకుం వస్తే, ఊళ్లో రేడియో అడ్రసు నోటికి వచ్చిన మనిషి ఆయనొక్కడే కాబట్టి పని ఆయనకే అప్పగించారు. "నీ మీద కాదు బిడ్డా, రేడియో మీద," అని నాకు ముందే ఫోన్ చేసి చెప్పాడు. సంఘం సభ్యులందరినీ కూర్చోబెట్టి రాయించాడు. వాళ్లకు ఖండించడం కొత్త, కోరడం పాత. అందుకని కార్డులన్నీ ఇలా వచ్చాయి:

"రేడియో వారికి నమస్కరించి వ్రాయునది. గత ఆదివారం నాటికలో, మా నాయకుడు రిబ్బన్ కోయుటకు రానందున రైతుల వడ్లు వానకు తడిసి మొలకెత్తినవని చెప్పుటను తీవ్రంగా ఖండిస్తున్నాము. ఏదైనా మంచి వాన పాట వేయగలరు. కోరినవారు..." అని కింద భార్య, పిల్లలు, బావమరిది, పక్కింటి మేస్త్రి, మేస్త్రి భార్య.

గురువారం మధ్యాహ్నం కోరిన పాటల డ్యూటీ నాది. పాట కోరిన ప్రతి కార్డునూ ఉన్నది ఉన్నట్టు చదవాలని స్టూడియో గోడ మీద ఒక ఉత్తర్వు ఉండేది, కింద సారు సంతకం. నేను నియమానికి కట్టుబడే మనిషిని. కట్ట విప్పి మొదటి కార్డు నుంచి చివరి కార్డు దాకా అక్షరం పోకుండా చదివాను. రిబ్బన్ కోయుటకు రానందున, వడ్లు తడిసి మొలకెత్తినవని, ఖండిస్తున్నాము, వాన పాట. మళ్లీ రిబ్బన్, మళ్లీ వడ్లు, మళ్లీ వాన పాట. ఆదివారం నాటిక విననివాళ్లకు కూడా గురువారం కథంతా తెలిసిపోయింది. సాయంత్రం చిన్నాయన ఫోన్ చేశాడు. కోప్పడతాడని భయపడుతూ ఎత్తాను.

"బిడ్డా, ఇన్నేండ్లల నా పేరు గింత సాఫ్‌గ ఎవ్వలు సదువలే. మీ చిన్నమ్మ మస్తు ఖుషీ అయ్యింది. కని ఆ వాన పాట ఏసిందే ఏస్తివి, జర వేరేది లేకుండెనా?"

ఈ కథ ఎక్కడ చెప్పినా నేను ఇక్కడికే ఆపేస్తాను. అందరూ నవ్వుతారు, నా తెగువను మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకోనిస్తాను. కానీ ఆ తర్వాత శుక్రవారం వచ్చింది.

సారు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఒక కాగితం నా ముందు పెట్టారు. "పైనుంచి రాసి పంపారమ్మా. ఆదివారం అదే టైముకి నువ్వే చదవాలి. చదివితే డ్యూటీలు ఉంటాయి. లేకపోతే నా చేతుల్లో ఏమీ లేదు." ఎవరికి క్షమాపణో అందులో లేదు. ఒకరి పేరు రాస్తే మిగతా ఇద్దరికీ కోపం మరి. "నాటికలోని సంఘటన పూర్తిగా కల్పితం. అటువంటిది ఎక్కడా జరగలేదు. ఎవరి మనోభావాలైనా గాయపడి ఉంటే విచారిస్తున్నాము," అని మూడు వాక్యాలు.

మామ ఆ రోజు రిహార్సల్‌కి వచ్చి ఉన్నాడు. ఇక నాటిక లేదని, రానక్కర్లేదని సారు చెప్పించారు. గేటు దగ్గర నన్ను ఆపి కాగితం చదివించుకున్నాడు.

"ఎక్కడా జరగలే అంటవా?"

నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

"తడిసిన వడ్లకు ఏమన్న ఇయ్యుండ్రని ఆఫీసుల దరఖాస్తు పెట్టిన బిడ్డా. అక్కడి సారు చూస్తమన్నడు. ఇప్పుడు నువ్వు రేడియోల జరగనే లేదంటే వాళ్లేమంటరు? విచారం ఎంతన్న చెప్పుకో, నాకేం లేదు. ఆ ఒక్క మాట వద్దు."

ఆదివారం ఎర్రదీపం వెలిగింది. ఆ మాట దగ్గర ఆగుదామనుకున్నాను, దగ్గుదామనుకున్నాను, మింగేద్దామనుకున్నాను. ఏదీ చేయలేదు. చదివేశాను. మూడు వాక్యాలూ తడబడకుండా, ఒత్తులు ఒత్తులుగా చదివాను. సారు అద్దం అవతల నుంచి తల ఊపారు. నాకు డ్యూటీలు మిగిలాయి, కొన్నేళ్లకు ఉద్యోగం కూడా స్థిరపడింది. మామ మళ్లీ స్టూడియో మెట్లు ఎక్కలేదు. నాయకుల మీద నాకున్న కోపం ఇవాళ్టికీ తగ్గలేదు. జీపు మీద, ఫ్లెక్సీ మీద, పైనుంచి ఆ కాగితం పంపిన ముఖం లేని చెయ్యి మీద కూడా అంతే. అయితే ఆ కోపాలన్నిటినీ తోసుకుంటూ ఒకటి ముందుకు వస్తుంది, అది నా మీద.

మొన్న మిర్యాలగూడ బస్టాండులో మామ కనిపించాడు. బాగా ముసలివాడయ్యాడు. నేను ముఖం చాటేసేలోపే గుర్తుపట్టి, పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చాడు. దరఖాస్తు సంగతి నేనే అడిగాను.

"తిప్పి పంపిండ్రు," అన్నాడు మామూలుగా. "‘రేడియోలనే కల్పితమన్నరు గదా పెద్దమనిషీ’ అన్నడు ఆ సారు. ఆ మాట మస్తు సాఫ్‌గ చదివినవ్ బిడ్డా, నేను గూడ విన్న."

తప్పయింది మామా అన్నాను. ఈ క్షమాపణ నాకెవరూ రాసివ్వలేదు, అందుకేనేమో తడబడ్డాను. ఆయన దాన్ని చేత్తో అలా తోసేసి, ఇప్పుడేం చదువుతున్నావని అడిగాడు. వాతావరణం చదువుతున్నాను, కొత్తవాళ్ల స్క్రిప్టులు దిద్దుతున్నాను అని చెప్పాను.

"అయితే చెప్పు. కల్లంల వడ్లున్నయ్. ఎల్లుండి వాన పడ్తదా?"

"అక్కడక్కడ పడే అవకాశం ఉంది మామా," అన్నాను. అలవాటుగా వచ్చేసింది.

"ఆ అక్కడక్కడల మా పాలకీడు ఉన్నదా, లేదా?"

ఆయన నవ్వాడు, నాకూ నవ్వొచ్చింది. సూర్యాపేట బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక కూడా ఆ నవ్వు పోలేదు. ఆ రోజుల్లో నేనుగా ఉన్న ఆ పిల్లే గనక మా మాటలు విని ఉంటే, సూటిగా అడిగినవాడికి అక్కడక్కడ అని చెప్పే ఈ మేడం మీద ఆ రాత్రికే పది నిమిషాల నాటిక రాసి పడేసేది. బాగా రాసేది కూడా. ఇప్పుడా స్క్రిప్టు ముందుగా వచ్చేది నా బల్ల మీదికే. నేను దాన్ని పాస్ చేసేదాన్ని కాదు.